మాటు వేయించబోయిన చిల్లు గిన్నె: ఒక కేస్ స్టడీ

ముందే చెప్పేస్తున్నాను, ఈ కేసులో నేను మొదట తప్పు చెప్పాను. అదీ నసుగుతూ కాదు, ఇంటివాళ్లంతా చుట్టూ కూర్చుని వింటుంటే, కాఫీ తాగుతూ, ధీమాగా చెప్పాను. ఆ తప్పు ఎక్కడ జరిగిందో, ఎలా బయటపడిందో రాద్దామనే ఇది మొదలుపెట్టాను.

పాత ఇళ్లలో ఉన్న ఇత్తడి, రాగి, కంచు సామాన్లు చూసి, జాబితా రాసి, ఏది దేనికి వాడేవారో తేల్చడం, పాడవకుండా ఎలా దాచుకోవాలో చెప్పడం నా పని. ఇల్లు అమ్మేటప్పుడో, అన్నదమ్ములు పంచుకునేటప్పుడో పిలుస్తారు. ఈ ఇల్లు కోనసీమలో ఉంది. పాత మండువా లోగిలి. పెంకులు జారిపోతున్నాయని, బాగు చేయించే ఓపిక లేక అమ్మకానికి పెట్టారు. ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన తల్లి, మామ్మగారికి, ఎనభై ఆరేళ్లు. తాతముత్తాతలు పంచాంగం చూసి ముహూర్తాలు పెట్టేవారట. మాస్టారి తరానికి ఆ వృత్తి ఆగిపోయింది.

అటక మీంచి దించిన భోషాణంలో ఎక్కువ భాగం నాకు అలవాటైనవే. అడకత్తెర, సున్నపుకాయ, ఉద్ధరిణె, రెండు పంచపాత్రలు, జంతికల గొట్టం, బంగారం తూచే చిన్న త్రాసు, దాని గురిగింజలు. గుడ్డలో చుట్టిన గంటాన్ని చూసి మాస్టారి మనవడు "ఇది స్క్రూడ్రైవరా అంకుల్?" అన్నాడు. తాటాకు మీద రాసే గంటం ఈ తరానికి అలాగే కనిపిస్తుంది. దాని గురించి పెద్దగా ఆలోచించాల్సింది లేదు, పక్కనే తాటాకుల కట్ట ఉంది.

ఆగింది ఒక్క గిన్నె దగ్గర.

రాగి గిన్నె. కొబ్బరి చిప్పలా గుండ్రంగా ఉంది, అడుగున మట్టు లేదు, నేల మీద పెడితే ఒక పక్కకి ఒరుగుతుంది. పిడి లేదు, చెవులు లేవు, అంచు కూడా మడవలేదు. మూతి అడ్డకొలత 14.2 సెంటీమీటర్లు, లోతు 6.9. బరువు 187 గ్రాములు, ఆ సైజు గిన్నెకి అది చాలా తక్కువ. రేకు మందం ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. అడుగున సరిగ్గా మధ్యలో ఒక చిల్లు. సూది దూరేంత.

"అది చిల్లు పడిపోయిందండి. పారేయడానికి మనసొప్పక ఉంచారు. మాటు వేయిద్దామనుకుంటున్నాం, పూజలో నీళ్లకి పనికొస్తుంది కదా" అన్నారు మాస్టారు. వాళ్ల కోడలు అప్పటికే చింతపండు, బూడిద పెట్టి సగం తోమేసింది. బయటివైపు ఒక పక్క తళతళలాడుతోంది, రెండో పక్క నల్లగా ఉంది. నాలాంటివాళ్లకి టెన్షన్ పెట్టే దృశ్యం ఇదే. వస్తువు మీద ఉన్న మసి, చార, చిలుము, గీతలే దాని జాతకం. చింతపండు పులుపు రాగి మీది పొరను తినేస్తుంది, బూడిద గరుకు పాత గీతల మీద కొత్త గీతలు పెడుతుంది. అదృష్టం కొద్దీ ఆ అమ్మాయికి మధ్యలో వేరే పని తగిలి వదిలేసింది.

నేను తేల్చింది

ఆ రోజు నేను చేసిన పరీక్ష పది నిమిషాలు. మొదటి ప్రశ్న, చిల్లు పడిందా, పెట్టారా. ఇది తేలిక. రాగి తినుకుపోయి చిల్లు పడితే చుట్టూ రేకు పలచబడి ఉంటుంది, అంచు వంకరటింకరగా ఉంటుంది, పక్కన ఇంకో నాలుగు గుంటలు కనిపిస్తాయి. ఇక్కడ అవేమీ లేవు. ఫోన్‌కి తగిలించే లెన్సులో చూస్తే చిల్లు గుండ్రంగా ఉంది, చుట్టూ రేకు మందం తగ్గలేదు, లోపలి అంచుని ఎవరో సాపు చేశారు. మేకుతో కొట్టి ఉంటే ఒక వైపు ముక్కు లేచి ఉండాలి. అదీ లేదు. కాబట్టి కావాలని పెట్టిన చిల్లు.

అంతవరకూ సరే. ఆ వెంటనే ఒక్క గంతు వేశాను. పూజారుల ఇల్లు, రాగి గిన్నె, అడుగున చిల్లు. ఇంకేముంది, ధారాపాత్ర. శివలింగం మీద వేలాడదీస్తే బొట్టు బొట్టుగా నీళ్లు పడే పాత్ర. "మాటు వేయించకండి మాస్టారూ, ఇది అభిషేకానికి వాడేది" అని చెప్పి, జాబితాలో అలాగే రాసేశాను. మాటు ఆగిపోయింది కాబట్టి తప్పు చెప్పినా కొంత మేలే జరిగింది. కానీ రాసింది తప్పు.

ఆ రాత్రి ఫొటోలు సర్దుకుంటుంటే మూడు విషయాలు గుచ్చుకున్నాయి.

ఒకటి, ధారాపాత్ర వేలాడాలి. దానికి గొలుసులు తగిలించే చెవులో, ముక్కాలిపీట మీద ఆనడానికి అంచో ఉండాలి. దీనికి ఏమీ లేవు. ముక్కాలిపీట వలయంలో కూర్చోబెట్టారనుకుంటే, గిన్నె చుట్టూ ఒక మట్టంలో ఆ వలయం రాపిడి గీత పడాలి. తోమని సగంలో అలాంటిది లేదు.

రెండు, గీతలు ఉన్నాయి, కానీ ఉండకూడని చోట ఉన్నాయి. చిల్లు చుట్టూ రూపాయి బిళ్లంత మేర, బయటివైపు, రకరకాల దిక్కుల్లో సన్నటి నొక్కులు, గీతలు. గాల్లో వేలాడే పాత్ర అడుగుకి ఏం తగులుతుంది? ఈ గిన్నె అడుగు మాత్రం ఎన్నోసార్లు, మెత్తగా, దేనికో తగిలింది.

మూడోది చిల్లు కొలత. ఫొటో మీద స్కేలు పెట్టి కొలిస్తే 1.1 మిల్లీమీటరు. నేను చూసిన ధారాపాత్రల చిల్లులు దానికి రెండు మూడు రెట్లుంటాయి, అందులో దర్భో దారమో పెట్టి ధారను సన్నం చేసుకుంటారు. ఇంత సన్నటి చిల్లు చేయడం కష్టం. కష్టపడి చేశారంటే ఆ కొలతతో వాళ్లకి పనుంది.

ఇంకో చిన్న విషయం. ఆ ఇంట్లో చెంబు నుంచి గంగాళం దాకా ప్రతి సామాను మీదా చుక్కలతో పేరు కొట్టించారు. ఈ గిన్నె మీద పేరు లేదు. దీన్ని సాక్ష్యం అననుగానీ, పళ్లెంలో మిగిలిన మెతుకులా అది కనపడుతూనే ఉంది.

మామ్మగారి మాట

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఈసారి గిన్నె పట్టుకుని మాస్టారి దగ్గరికి కాదు, మామ్మగారి దగ్గరికి. నిన్న ఆవిడ పడకగదిలో ఉన్నారు, నేను పలకరించి వచ్చేశానంతే. వాడినవాళ్లు ఇంట్లో ఉండగా వాళ్లని చివర అడగడం ఈ వృత్తిలో అందరం చేసే పొరపాటే, నేనూ చేశాను.

ఆవిడకి చూపు ఆనడం లేదు. గిన్నె చేతికిస్తే బొటనవేలితో అడుగు తడిమి, చిల్లు తగలగానే నవ్వారు.

"ఇది మా మావగారి మునక గిన్నె కదా బాబూ. ఎక్కడ దొరికింది?"

"ఎందుకు వాడేవారు మామ్మగారూ?"

"పెళ్లికి వెళ్తే గుడ్డలో చుట్టి పట్టుకెళ్లేవారు. మమ్మల్నెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. తోమితే చంపేస్తాననేవారు." ఇక్కడ కోడలు వైపు చూసి మళ్లీ నవ్వారు. "పొద్దుగూకేటప్పుడు గంగాళంలో వదిలి, పక్కన ఓ కుర్రాణ్ణి కూర్చోబెట్టేవారు. వాడు నిద్రపోకుండా చూడ్డానికి ఇంకోణ్ణి."

ఇలాంటి మాట వినగానే కేసు అయిపోయిందని సంబరపడిపోతాం. కానీ తోమొద్దన్నారు, గంగాళంలో వదిలారు అన్నవి ఆవిడ కళ్లారా చూసినవి. అది గడియ గిన్నె, అంటే నీళ్లలో మునుగుతూ కాలం కొలిచే పాత్ర, అన్నది నా మనసులో మెరిసిన మాట. ఆ రెంటినీ కలిపేస్తే నిన్నటి గంతే ఇంకోసారి వేసినట్టు. అందుకని మామ్మగారి మాటని ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాసి పక్కన పెట్టి, గిన్నెనే అడుగుదామనుకున్నాను.

గిన్నె ఏం చేయాలి

ఘటికా యంత్రం, అంటే ఈ గడియ గిన్నె గురించి తెలియనివాళ్ల కోసం కాస్త. మన పాత లెక్కలో రోజుకి 60 గడియలు. అంటే గడియకి 24 నిమిషాలు, గంటకి రెండున్నర గడియలు. గడియకి 60 విఘడియలు, ఒక్కోటి 24 సెకన్లు. ఏడున్నర గడియలు ఒక జాము. దుర్ముహూర్తం రెండు గడియలనీ, వర్జ్యం సుమారు నాలుగు గడియలనీ పంచాంగంలో చూసేది ఈ లెక్కే. దీన్ని కొలిచే పనిముట్టు సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథం పదమూడో అధ్యాయంలో ఒక్క శ్లోకంలో ఉంది:

తామ్రపాత్రమధశ్ఛిద్రం న్యస్తం కుండేఽమలాంభసి
షష్టిర్మజ్జత్యహోరాత్రే స్ఫుటం యంత్రం కపాలకమ్

అడుగున చిల్లున్న రాగి పాత్రని నిర్మలమైన నీళ్లున్న కుండలో ఉంచితే రాత్రీపగలూ కలిపి అరవైసార్లు మునుగుతుంది, అదే కపాలక యంత్రం. పుర్రె చిప్పలా ఉంటుంది కాబట్టి కపాలకం. ఎనిమిదో శతాబ్దపు ఖగోళ పండితుడు లల్లుడు ఇంకా వివరంగా పది పలాల (పాత తూకం) రాగి, ఆరంగుళాల (ఇంచీలు కాదు, వేలి వెడల్పు లెక్క) ఎత్తు, దానికి రెట్టింపు వెడల్పు అని కొలతలిచ్చాడు. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడికి ఈ కొలతల గొడవ నచ్చలేదు. సగం కుండ ఆకారంలో రాగి గిన్నె చేసి, చిల్లు పెట్టి, రోజుకి ఎన్నిసార్లు మునుగుతుందో చూసి లెక్క కట్టుకోండి, అంతే అన్నాడు. చేతిపని తెలిసినవాడి మాట అది. రేకు ఎక్కడ ఎంత మందం వస్తుందో కంచరి సుత్తికే తెలియదు, పుస్తకానికి ఏం తెలుస్తుంది. బాబరు హిందుస్తాన్‌కి వచ్చినప్పుడు కూడా ఊళ్లలో గడియకోసారి ఇత్తడి పళ్లెం మోగించే ఘడియాలీల గురించి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. వాళ్ల ముందుండేదీ ఈ గిన్నెనే.

పనిచేసే తీరు చూడ్డానికి తేలిక. తేలుతున్న గిన్నె తన బరువంత నీటిని పక్కకి తోస్తుంది, కాబట్టి బయట నీటి మట్టం ఎప్పుడూ లోపలి మట్టం కంటే పైనే ఉంటుంది. ఆ తేడా మొదట్లో మన గిన్నెకి మూడు సెంటీమీటర్లు, చివర్లో సెంటీమీటరు పైచిలుకు. ఆ తేడాయే నీటిని చిల్లులోంచి లోపలికి నెడుతుంది. గిన్నె బరువైతే తేడా పెరుగుతుంది, త్వరగా మునుగుతుంది. చిల్లు కాస్త పెరిగినా అంతే. అంచు నీటిమట్టానికి రాగానే ఒక్క క్షణంలో గుబుక్కున మునిగి అడుక్కి తగులుతుంది. చిల్లు చుట్టూ ఉన్న ఆ గీతలకి ఇప్పుడు అర్థం దొరికింది కదా. కానీ అర్థం దొరకడం వేరు, రుజువు కావడం వేరు.

పరీక్షకి ముందే మాస్టారూ నేనూ ఒక ఒప్పందానికొచ్చాం. 22 నుంచి 26 నిమిషాల మధ్య మునిగితేనే గడియ గిన్నె అంటాం. పది నిమిషాలకో నలభైకో మునిగితే "ఏదో కారణం ఉండి ఉంటుంది" అని సాకులు చెప్పుకోం. చిల్లున్న గిన్నె ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు మునుగుతుంది. మునగడం రుజువు కాదు, ఎన్ని నిమిషాలకి అన్నదే రుజువు. ఈ హద్దులు ముందే కాగితం మీద పెట్టమన్నది మాస్టారే. ముప్పై ఏళ్లు జవాబు పత్రాలు దిద్దిన మనిషి.

మొదటిసారి 37 నిమిషాలు

పెరట్లో బోరు నీళ్లు ప్లాస్టిక్ టబ్బులో పట్టి, గిన్నె వదిలి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాం. ఇరవై నాలుగు నిమిషాలయ్యేసరికి గిన్నెలో సగం మీద కాస్తే ఉన్నాయి నీళ్లు. మనవడు వెళ్లిపోయాడు. 37 నిమిషాల మీద కొన్ని సెకన్లకి మునిగింది.

ఒప్పందం ప్రకారం కాదనాలి. నేను కాదనే రాశాను. మాస్టారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. నేను ఫోన్లో చూపించిన శ్లోకాన్ని మళ్లీ చదువుతూ "అమలాంభసి అన్నాడు కదండీ. మన బోరు నీళ్లు ఉప్పు, పైగా ఇసక వస్తుంది. వాళ్లు ఊరికే ఆ మాట వేయరు, శ్లోకంలో చోటు తక్కువ" అన్నారు.

సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, ఆ మాట నేను ఎన్నోసార్లు చదివాను. పూజ సామగ్రి వర్ణనల్లో వచ్చే "పవిత్ర జలం" లాంటి అలంకారం అనుకుని దాటేశాను. మాస్టారు దాన్ని వాడుక సూచనగా చదివారు. మిల్లీమీటరు చిల్లుకి ఒక ఇసక రేణువు చాలు.

లెన్సులో చిల్లు మళ్లీ చూస్తే, లోపలి అంచు దగ్గర బూడిద రంగు పొర ఒకటి చంద్రవంకలా అతుక్కుని ఉంది. నీళ్లలోంచి వచ్చింది కాదు. కోడలు తోమినప్పుడు చిల్లులో ఇరుక్కున్న చింతపండు, బూడిదే. మొదటి రోజు ఫొటోలో కూడా ఉంది, నీడ అనుకున్నాను. మరి ఆ ఫొటో మీద నేను కొలిచిన 1.1? అది నీడ అనుకున్న భాగం కూడా కలిపి కొలిచింది కాబట్టి చిల్లు అసలు కొలతే. ఇది కాకతాళీయం, నా తెలివి కాదు.

ఇక్కడ ఈ పని చేసే ఎవరికైనా ఒక మాట. ఇలాంటప్పుడు చెయ్యి సూది వైపు పోతుంది. పోనివ్వకూడదు. రాగి మెత్తన. సూది పెట్టి ఒక్కసారి తిప్పితే అంచు గీరుకుపోతుంది, ఆ తర్వాత గిన్నె చెప్పే టైమ్ మీ సూదిదే అవుతుంది, దాన్ని చేసినవాడిది కాదు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెప్పించి రాత్రంతా నానబెట్టాను. పొద్దున్న రంగులు వేసే కుంచె నుంచి ఒకే ఒక్క వెంట్రుక పీకి, దానితో మెల్లగా కదిపితే పొర ఊడొచ్చింది.

రెండోసారి ఫిల్టర్ నీళ్ల డబ్బాలు తెప్పించి, గుడ్డలో వడగట్టి, టబ్బు బదులు ఆ ఇంటి గంగాళంలోనే పోశాం. ప్రతిసారీ గిన్నె తీసి తుడిచి, ఆరబెట్టి, మళ్లీ వదిలాం. అయిదుసార్లు. 23 నిమిషాల 41 సెకన్లు, 23:52, 23:38, 23:47, 23:44. సగటు 23 నిమిషాల 44 సెకన్లు. నాలుగోసారికి మనవడు తిరిగొచ్చి స్టాప్‌వాచ్ లాక్కున్నాడు.

గడియకి 16 సెకన్లు ముందుంది. మునకకి ఇంత అని కూడుకుంటూ పోతే రోజుకి 16 నిమిషాలు, పది గడియల రాత్రికి రెండు నిమిషాల 40 సెకన్లు. అంచుకి కింద ఒక పక్క బొటనవేలంత సొట్ట ఉంది, అంతమేర గిన్నె పట్టే నీళ్లు తగ్గాయి. ఏళ్ల తరబడి నీళ్లు పారి చిల్లు అంచూ కొద్దిగా అరిగి ఉండొచ్చు. ఈ రెండూ గిన్నెని ముందుకే తోస్తాయి.

అయినా నాకు తృప్తి కలగలేదు. పోటీగా ఇంకో పరీక్ష కావాలి. తెలిసినవాళ్ల దగ్గర్నుంచి రెండు ధారాపాత్రలు అడిగి తెచ్చి అదే గంగాళంలో వదిలాను. ఒకటి నిలవలేదు, అడుగు సన్నంగా ఉండేసరికి పక్కకి దొర్లి నీళ్లు మింగి మునిగిపోయింది. రెండోది నిలిచింది, నాలుగు నిమిషాలు తిరక్కుండా మునిగింది. అప్పుడు జాబితా తీసి ధారాపాత్ర అన్న మాట కొట్టేశాను.

ఎవరి కాలం, దేని కోసం

ఇంతవరకూ తేలింది గిన్నె ఎలా పనిచేస్తుందన్నది. దేనికి వాడారన్నది వేరే ప్రశ్న. గుళ్లో జాముగంట కొట్టడానికి కావచ్చు. ఇరాన్‌లో కనాత్ అనే భూగర్భ కాలువల నీళ్లు వాడే ఊళ్లలో సరిగ్గా ఇలాంటి చిల్లు గిన్నెతోనే పొలాలకి నీటి వంతులు కొలిచేవారు. గిన్నె మునిగిన లెక్కన ఒక్కో రైతుకి ఇన్ని గిన్నెల నీళ్లు అని. కోనసీమలో అలా వాడారా అని అడగొచ్చు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చాక నీళ్లని గిన్నెలతో కొలుచుకునేంత కరువు ఇక్కడ లేదు. పైగా పొలంలో వాడే వస్తువు భోషాణంలో గంటం పక్కన పట్టు గుడ్డలో ఉండదు.

ఏ వస్తువు ఏ వస్తువు పక్కన దొరికిందో నేను మొదటి రోజే రాసుకోబట్టి ఇది చెప్పగలుగుతున్నాను. గిన్నెతో పాటు అదే గుడ్డలో పదమూడు గవ్వలున్నాయి. మునక లెక్కపెట్టడానికే అని ఎగిరి గంతేయాలనిపిస్తుంది. తెలుగిళ్లలో గవ్వలు లేని భోషాణం ఉంటుందా? అష్టాచెమ్మా ఆడుకున్న గవ్వలు కూడా కావచ్చు. గవ్వలని సాక్ష్యంగా తీసుకోలేదు.

తీసుకున్నది నోటు పుస్తకం. భోషాణం అడుగున, మామ్మగారి మావగారి చేతిరాతలో, ముహూర్తాల లెక్కలు. విజయ నుంచి శుభకృత్ దాకా తొమ్మిది పెళ్లిళ్లు. తెలుగు సంవత్సరాలతో చిక్కేమిటంటే అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి, విజయ అంటే 1893–94 కావచ్చు, 1953–54 కావచ్చు. రెండో పెళ్లి మామ్మగారి ఆడపడుచుది. "ఆ పెళ్లికి నేను కొత్త కోడల్ని" అన్నారు. దాంతో 1953 తేలిపోయింది.

ప్రతి పెళ్లికీ ఊరి పేరు, లగ్నం, "రా. 11 ఘ. 20 వి." లాంటి లెక్క, దాని పక్కన నిలువు గీతలు. నాలుగు గీతలు, అయిదోది అడ్డంగా. మాస్టారు గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదకొండు గడియల ముహూర్తానికి పదకొండు గీతలు. ఎనిమిదికి ఎనిమిది. మొదటి ఆరు పెళ్లిళ్లలో అయిదింటికి సరిపోయాయి. ఒకదానికి రెండు గీతలు తక్కువ. ఆ పక్కన "మబ్బు" అని రాసి ఉంది. రాత్రి గడియలు సూర్యాస్తమయం నుంచి లెక్క. మబ్బు పట్టి సూర్యుడు కనపడకపోతే గిన్నె ఎప్పుడు వదలాలో తెలియదు, ఆ రోజు ఆలస్యంగా మొదలుపెట్టి ఉంటారు. ఈ వివరణ నాకు బాగానే అనిపించింది, కానీ అది నా ఊహ కాబట్టి నివేదికలో ఊహ అనే రాశాను.

చివరి మూడు పెళ్లిళ్లకి గీతల్లేవు. ఘడియల పక్కనే గంటలు, నిమిషాలు వచ్చాయి. "మా ఆయన వాచీ కొన్నాక మావగారు దాన్నే అడిగి తీసుకెళ్లేవారు. ఇచ్చేటప్పుడు మా ఆయన మొహం చూడాలి" అన్నారు మామ్మగారు. ఈ మార్పు కోనసీమలో పెద్ద ఇబ్బంది లేకుండా జరిగి ఉంటుంది. 1906లో దేశం మొత్తానికి పెట్టిన టైమ్ 82.5 డిగ్రీల రేఖాంశం మీదిది, అది కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. ఇక్కడి స్థానిక కాలానికీ గడియారానికీ తేడా రెండు నిమిషాలు. అదే హైదరాబాద్‌లో అయితే 16 నిమిషాలు, అక్కడి సిద్ధాంతి వాచీ చూసి లగ్నం పెట్టాలంటే సవరించుకోక తప్పదు.

గిన్నె మీద పేరు ఎందుకు కొట్టించలేదో కూడా ఈ దశలో మాస్టారు అన్నారు: "కొడితే బరువు మారదుగానీ సొట్ట పడుతుంది కదండీ. సొట్ట పడితే ముహూర్తం ముందుకి జరుగుతుంది." సరదాకి అన్నారు. నేను రాసుకున్నాను.

నివేదికలో చివరికి ఇలా ఉంది: రాగి ఘటికా పాత్ర, గృహ వినియోగం, వివాహ ముహూర్త కాలగణన. పనితీరు పరీక్షతో నిర్ధారణ. వినియోగం నోటు పుస్తకం, ప్రత్యక్ష సాక్షి మాటలతో నిర్ధారణ. ధారాపాత్ర అన్న నా మొదటి గుర్తింపు తప్పు అని కూడా ఒక వాక్యం రాశాను, ఎందుకంటే మొదటి జాబితా ప్రతి ఒకటి అప్పటికే మాస్టారి తమ్ముడికి వాట్సాప్‌లో వెళ్లిపోయింది. ఎప్పుడో ఎవరో రెండూ చూసి తికమక పడకూడదు.

దాచడానికి పెద్ద తతంగం లేదు. మాటు వద్దు, కళాయి వద్దు, చింతపండు అసలు వద్దు. తోమిన సగాన్ని తోమని సగంతో సమం చేయబోవద్దు. సొట్ట తీయించవద్దు, తీస్తే 24 నిమిషాలకి దగ్గరవుతుందేమోనన్న ఆశ మనవడిదీ, కొంత నాదీ కూడా, అయినా వద్దు. నీళ్లలో వదలడం ఇక చాలు. చుట్టాలు వచ్చినప్పుడల్లా చూపించమంటారు కాబట్టి నకలు ఒకటి చేయించుకోమన్నాను.

నకలు పని ఒక కంచరికి అప్పగించాం. గిన్నె మూడు రోజుల్లో సాగగొట్టి ఇచ్చాడు, బరువు నాలుగు గ్రాములే తేడా. చిల్లు దగ్గర ఆగిపోయాడు. తన దగ్గరున్న వాటిలో అతి సన్నటి డ్రిల్ బిట్ ఒకటిన్నర మిల్లీమీటరుది. దానితో పెడితే పద్నాలుగు నిమిషాలకే మునిగింది. చిల్లు మూసి, గడియారాలు బాగుచేసేవాడి దగ్గర సన్న బిట్ అరువు తెచ్చి మళ్లీ పెట్టాడు. ఈసారి 29 నిమిషాలు. "ఇదే మంచిది సార్, చిన్నదాన్ని పెద్దది చేయొచ్చు, పెద్దదాన్ని చిన్నది చేయలేం" అని, రాగి తీగ చివర సన్నటి రాతి పొడి అద్ది, రెండు తిప్పులు తిప్పి, మునగేసి, టైమ్ రాసుకుని, మళ్లీ రెండు తిప్పులు. వారం నుంచి అదే పని. నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు. ఇరవై నాలుగు నిమిషాల యాభై సెకన్ల దగ్గరుందట, ఇక తిప్పడానికి చెయ్యి రావడం లేదట.